"అర్థమైంది సార్" అన్న తర్వాత ఏం చేయాలి

పాఠం అయిపోగానే "అందరికీ అర్థమైందా?" అని అడగడం మన వృత్తిలో ఒక ఆనవాయితీ. "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. ఆ జవాబు వల్ల మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. అలాగని పిల్లలు అబద్ధం చెబుతున్నారని కాదు, వాళ్ళకు నిజంగానే అర్థమైనట్టు అనిపిస్తుంది. చిక్కంతా ఆ అనిపించడంలోనే ఉంది.

నేను హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెబుతాను, లెక్కల టీచర్ సెలవు పెడితే లెక్కలూ చెబుతాను. విద్యా పరిశోధనలు చదవడం నాకు డ్యూటీ కాదు, అలవాటు. చదివినవాటిలో చాలా భాగం నలభైమంది పిల్లలున్న గదిలో నిలవదు. నిలిచినవి కొన్ని ఉన్నాయి. అవన్నీ ఒకే మాట చెబుతాయి: క్లాసు జరుగుతున్నప్పుడు కళ్ళకు కనిపించేది వేరు, నెల తర్వాత పిల్లవాడి దగ్గర మిగిలేది వేరు. ఆ మిగిలేదాన్ని పెంచడానికి నేను చేసే పనులు ఏమిటో, ఎలా చేస్తానో ఇక్కడ రాస్తున్నాను.

దీనికి మూలమైన ప్రయోగం ఒకటి ముందు చెప్పాలి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ కాగితం పక్కన పెట్టి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ కూర్చున్నవాళ్ళదే పైచేయి. వాళ్ళకు 83 శాతం, రాసినవాళ్ళకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత పెట్టిన పరీక్షలో లెక్క తారుమారైంది. చదివినవాళ్ళు 40కి పడిపోయారు, రాసినవాళ్ళు 61 దగ్గర నిలబడ్డారు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగితే ఎక్కువ నమ్మకం చూపించింది నాలుగు విడతలు చదివినవాళ్ళే.

2019లో హార్వర్డ్ యూనివర్సిటీ భౌతిక శాస్త్రం క్లాసుల్లో ఇలాంటిదే బయటపడింది. అవే విషయాలు, అవే లెక్కలు. ఒక గుంపుకు చక్కటి ఉపన్యాసం ఇచ్చారు, ఇంకో గుంపును ఆ లెక్కలతో కుస్తీ పట్టనిచ్చి వాళ్ళ చేతే చేయించారు. పరీక్షలో రెండో గుంపు ముందుంది. "ఎంత నేర్చుకున్నారు?" అని అడిగితే మాత్రం ఉపన్యాసం విన్నవాళ్ళే "చాలా నేర్చుకున్నాం" అన్నారు. కాబట్టి పిల్లలు మెచ్చుకున్న పాఠమే మంచి పాఠం అనే లెక్కను కాసేపు పక్కన పెట్టండి. మనకే బాగా వచ్చిందనిపించిన పాఠం విషయంలోనూ అంతే.

పీరియడ్ మొదటి ఐదు నిమిషాలు

ఒక్కటే మార్పు చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. గదిలోకి వెళ్ళగానే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి. ఒకటి నిన్నటి పాఠంలోంచి, ఒకటి పోయిన వారంలోంచి, ఒకటి నెల కిందటి చాప్టర్‌లోంచి. పుస్తకాలు మూసి, నోట్సు చివరి పేజీలో జవాబులు రాయమనండి. వాళ్ళు రాస్తుండగా మీరు హాజరు తీసుకోవచ్చు, అప్పుడు ఆ సమయమూ వృథా కాదు. నాలుగు నిమిషాలయ్యాక జవాబులు చెప్పండి, ఎవరివి వాళ్ళే దిద్దుకుంటారు. మార్కులు ఉండవు, రిజిస్టర్‌లో ఏమీ ఎక్కదు.

మార్కులు వద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మార్కులు పెట్టిన మరుక్షణం పక్కవాడి నోట్సులోకి తొంగిచూడటం మొదలవుతుంది. చూసి రాసిన జవాబుకు పైన చెప్పిన లాభం ఏదీ దక్కదు. మనకు కావలసింది జవాబు కాదు, దాన్ని గుర్తుతెచ్చుకోవడానికి పడే అవస్థ. "రోజూ పరీక్ష అంటే పిల్లలకు టెన్షన్ కదా" అని స్టాఫ్ రూంలో తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. మార్కులు లేని చిన్న ప్రశ్నలు అలవాటైన పిల్లలు పెద్ద పరీక్షకు తక్కువ భయపడతామని చెప్పిన సర్వేలు ఉన్నాయి. నా క్లాసుల్లో నేను చూసిందీ అదే.

జవాబులు వెంటనే చెప్పడం మాత్రం మానకండి. తప్పు జవాబు రాసుకుని, అదే సరైందనుకుని ఇంటికి వెళ్ళిన పిల్లవాడికి మనం ఆ తప్పునే గట్టిపరిచి పంపినట్టు.

ఇక ప్రశ్న ఎలా ఉండాలి? "ఓం నియమాన్ని నిర్వచించుము" అని రాస్తే బట్టీ పట్టిన వాక్యం బయటికొస్తుంది. దానికీ కొంత విలువ ఉంది, కాదనను. కానీ "అదే బ్యాటరీకి, అదే మందం ఉన్న తీగను రెండింతల పొడవున కలిపితే కరెంటు ఎంతవుతుంది? ఎందుకు?" అని రాస్తే నియమాన్ని గుర్తుతెచ్చుకోవాలి, వాడాలి, ఒక వాక్యం రాయాలి. మూడింటిలో ఒక్క ప్రశ్నయినా ఇలా ఉండేలా చూసుకుంటే చాలు. మూడూ ఇలాంటివే పెడితే ఐదు నిమిషాలు కాస్తా పావుగంట అవుతుంది.

ఏమీ గుర్తురాని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్ళు తెల్ల కాగితం చూస్తూ కూర్చుంటే ఈ ఐదు నిమిషాలూ వాళ్ళకు రోజువారీ అవమానంగా మారిపోతాయి. అందుకే నేను రెండు నిమిషాలు గడిచాక బోర్డు మీద ఒక ఆసరా ఇస్తాను. సగం గీసిన సర్క్యూట్ బొమ్మ కావచ్చు, జవాబులో మొదటి మాట కావచ్చు. ఆసరాతో గుర్తుతెచ్చుకున్నా అది గుర్తుతెచ్చుకోవడమే.

తర్వాత చేతులు ఎత్తించి చూడండి. దాదాపు అందరూ సరిగ్గా రాశారంటే ప్రశ్న మరీ తేలికగా ఉందన్నమాట, లేదా మరీ త్వరగా అడిగారన్నమాట. ముగ్గురో నలుగురో మాత్రమే రాయగలిగితే అది వాళ్ళ తప్పు కాదు. ఆ విషయం ఇంకోసారి చెప్పాలి, అదీ ఆ రోజే. ఆ రోజు పాఠం పది నిమిషాలు వెనకపడుతుంది, పడనివ్వండి. సిలబస్ పూర్తవుతుందా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే: "నిన్న ఏం చెప్పుకున్నాం అంటే..." అని మనం ఎలాగూ ఐదు నిమిషాలు ఉపోద్ఘాతం ఇస్తాం. దాన్నే ఎత్తేసి ఈ ప్రశ్నలు పెట్టండి, కొత్తగా పోయే సమయం ఏమీ లేదు.

హోంవర్క్ కలగలపడం

లెక్కల పుస్తకం తెరవండి. శంకువు ఘనపరిమాణం చాప్టర్ కింద పదిహేను లెక్కలుంటాయి, అన్నీ శంకువువే. మూడో లెక్కకల్లా పిల్లవాడు ప్రశ్న చదవడం మానేసి అంకెలు ఏరుకుని సూత్రంలో వేస్తుంటాడు. ఏ సూత్రం వాడాలో చాప్టర్ పేరే చెప్పేస్తోంది మరి. పరీక్ష పేపర్లో ఆ పేరు ఉండదు.

2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ ఇదే పరీక్షించారు. నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలను ఒక గుంపుకు రకం వారీగా ఇచ్చారు, ఇంకో గుంపుకు కలగలిపి ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు రకం వారీగా చేసినవాళ్ళు 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్ళు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటి గుంపు 20 శాతం, రెండో గుంపు 63. నేను విద్యా పరిశోధనలో చూసిన అంకెల్లో ఇంత నాటకీయమైనవి తక్కువ. మీ క్లాసులో ఇంత తేడా వస్తుందని ఆశపెట్టుకోకండి. తేడా ఏ వైపు వస్తుందో మాత్రం నమ్మవచ్చు.

చేసే పద్ధతి తేలికే. ఎనిమిది లెక్కలు ఇస్తే మూడు ఇప్పుడు నడుస్తున్న చాప్టర్‌లోంచి, మిగతా ఐదు పాత చాప్టర్లలోంచి ఇవ్వండి. వరస కలిపేయండి, ఏ లెక్క ఏ చాప్టర్‌దో రాయకండి. కొత్త పుస్తకం అక్కర్లేదు, పాత అభ్యాసాల్లోంచి సరి సంఖ్య లెక్కలు ముందే వదిలిపెట్టి దాచుకుంటే సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆ రోజే మొదటిసారి చూసిన విషయాన్ని వెంటనే కలపకండి. కొత్తదానికి ముందు రెండు మూడు లెక్కలు మీరే అడుగడుగూ బోర్డు మీద చేసి చూపించి, అలాంటివే రెండు వాళ్ళ చేత చేయించాలి. కొత్తవాళ్ళు ఊరికే లెక్కలతో కుస్తీ పట్టడం కన్నా చేసి ఉన్న లెక్కలను చదవడం వల్ల ఎక్కువ నేర్చుకుంటారని జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లోనే చూపించారు. రెండు, తల్లిదండ్రులకు ముందే చెప్పండి. హోంవర్క్‌లో తప్పులు పెరుగుతాయి, "మా అమ్మాయికి ఈ మధ్య లెక్కలు రావట్లేదు" అని ఫిర్యాదు వస్తుంది. వచ్చాక సంజాయిషీ ఇవ్వడం కన్నా, ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంచితే సగం గొడవ తగ్గుతుంది.

పాతదాన్ని ఎన్నాళ్ళకోసారి తిరగేయాలి? నికొలాస్ సెపెడా బృందం 2008లో వెయ్యిమందికి పైగా పరీక్షించి చూపిన దాన్నిబట్టి, ఎంతకాలం గుర్తుండాలో ఆ కాలంలో సుమారు పదో వంతు నుంచి ఐదో వంతు ఎడం బాగుంటుంది. ఏడాది లాంటి దీర్ఘకాలానికైతే ఇంకా చిన్న వంతు. పరీక్ష రెండు నెలల్లో ఉంటే వారం, పది రోజుల ఎడం అన్నమాట. క్యాలెండర్ పట్టుకుని లెక్కకట్టాల్సిన పనిలేదు. మరుసటి రోజే తిరగేయడం, పరీక్ష ముందు రోజు రాత్రి తిరగేయడం, ఈ రెండూ కాకుండా మధ్యలో ఎక్కడైనా సరే.

ప్రశ్న అడిగి ఊరుకోవడం

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల టేపులు విని ఒక విషయం పట్టుకున్నారు. టీచర్ ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను ఆగుతారు. ఆ సెకనులో ఎవరూ చెప్పకపోతే ప్రశ్నను ఇంకోలా అడుగుతారు, లేదా తామే జవాబు చెప్పేస్తారు. ఆగే సమయాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడారు.

చెప్పినంత తేలిక కాదు. మూడు సెకన్ల నిశ్శబ్దం టీచర్‌కు యుగంలా ఉంటుంది. తనిఖీకి వచ్చిన పెద్దలు వెనక బెంచీలో కూర్చుని ఉంటే మరీను, మనం పాఠం మర్చిపోయామనుకుంటారేమోనని గుబులు. మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టుకోండి. ప్రశ్న ముందు, పేరు తర్వాత. "రవీ, నీడ ఎందుకు పొడవవుతుంది?" అంటే రవి తప్ప మిగతా అందరూ హాయిగా సెలవు తీసుకుంటారు. "నీడ సాయంత్రం ఎందుకు పొడవవుతుంది?" అని అడిగి, ఆగి, అప్పుడు పేరు పిలిస్తే ఆ ఆగినంతసేపూ అందరూ ఆలోచించాల్సిందే. జవాబు వచ్చాక కూడా వెంటనే "గుడ్" అనకుండా ఇంకో రెండు సెకన్లు ఆగి చూడండి. చాలామంది పిల్లలు తమ జవాబుకు తామే ఇంకో వాక్యం కలుపుతారు, ఆ రెండో వాక్యంలోనే అసలు ఆలోచన ఉంటుంది.

పక్కవాడితో వాదించడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇది, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతిక శాస్త్రం ప్రొఫెసర్‌కు విద్యార్థుల దగ్గర మంచి పేరుంది. వాళ్ళు కష్టమైన లెక్కలు కూడా చేసేస్తున్నారు. ఒకసారి అంకెలు లేని, మామూలు మాటల్లో ఉన్న ప్రశ్నల పరీక్ష పెట్టి చూస్తే బలం, చలనం గురించిన మౌలిక భావాలే చాలామందికి లేవని తేలింది. పరీక్ష రాస్తున్న ఒక విద్యార్థిని, వీటికి మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేటట్టు రాయాలా అని అడిగిందట. ఏ టీచరైనా ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. పాఠం ఒక అరలో, నమ్మకం ఇంకో అరలో భద్రంగా ఉన్నాయన్నమాట. 1991 నుంచి ఆయన క్లాసు నడిపే తీరు మార్చేశారు.

ఆ తీరును మామూలు స్కూలు గదికి సరిపడేలా ఇలా చేయవచ్చు. పదిహేను నిమిషాలు పాఠం చెప్పాక నాలుగు ఎంపికలున్న ఒక ప్రశ్న రాయండి. ఒక నిమిషం ఎవరికి వాళ్ళు, మాటల్లేకుండా ఆలోచిస్తారు. "ఇప్పుడు" అనగానే అందరూ ఒకేసారి వేళ్ళతో ఓటు వేస్తారు, ఒకటో ఎంపికకు ఒక వేలు, రెండోదానికి రెండు. చెయ్యి ఛాతీకి ఆనించి పెట్టమనండి, లేకపోతే ముందు బెంచీ టాపర్ వేళ్ళు చూసి వెనక వరసలన్నీ మారిపోతాయి. ఓటు ఎటు పడిందో, సరైన జవాబేదో చెప్పకండి. మీ ముఖం కూడా చెప్పకూడదు. సుమారు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా సరిగ్గా వేశారనిపిస్తే, "మీతో ఏకీభవించనివాళ్ళను వెతికి పట్టుకుని ఒప్పించండి" అనండి. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ ఓటు. అప్పుడు సరైన ఎంపిక వైపు జనం పెరుగుతారు. ఇంతకన్నా తక్కువమంది సరిగ్గా వేస్తే వాదన పెట్టకండి, తెలియనివాళ్ళు తెలియనివాళ్ళతో గొడవపడి ఏం లాభం? ఇంకో ఉదాహరణతో మళ్ళీ చెప్పండి. ఎక్కువమంది సరిగ్గా వేస్తే ఒక వాక్యం చెప్పి ముందుకు వెళ్ళిపోండి.

తెలివైనవాడు చెప్పింది మిగతావాళ్ళు ఒప్పేసుకుంటున్నారేమో అనే అనుమానం న్యాయమైనదే. 2009లో కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. చర్చ తర్వాత, అదే భావం మీద వేరే ప్రశ్న ఇచ్చి ఒంటరిగా చేయమన్నారు. దాంట్లోనూ మెరుగుదల కనిపించింది. గుంపులో ఎవరికీ మొదట సరైన జవాబు తెలియని చోట్ల కూడా కనిపించింది.

ఇదంతా నడిచేదీ, కూలేదీ ప్రశ్న మీదే. "పైకి నిటారుగా విసిరిన బంతి అత్యంత ఎత్తులో ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత?" ఎంపికలు: సున్నా, పైకి, కిందికి, చెప్పలేం. వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అని క్లాసులో సగం మంది నిజాయితీగా నమ్ముతారు. అలాంటి నమ్మకం లేని చోట వాదన పుట్టదు. "గ్లాసు నీళ్ళలో మంచు ముక్క తేలుతోంది, అది కరిగితే నీటి మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?" అన్నదీ బాగా పనిచేస్తుంది. చిన్న తరగతులకు "0.5, 0.35లో ఏది పెద్దది?" చాలు. 35 అంటే 5 కన్నా పెద్దదే కదా అనేవాళ్ళు ఎంతమంది ఉంటారో చూస్తే ఆశ్చర్యపోతారు.

తప్పు ఎంపికలను మీరు కూర్చుని ఊహించి తయారుచేయకండి. పాత జవాబు పత్రాల్లోంచి ఏరుకోండి. నేను పేపర్లు దిద్దేటప్పుడు పక్కన ఒక సన్నటి నోట్సు పెట్టుకుంటాను, ఒకే తప్పు మూడోసారి కనిపిస్తే అందులోకి ఎక్కుతుంది. పేపర్లు దిద్దడంలో నాకున్న ఒకే ఒక్క వినోదం అది.

పిల్లలు వాదించుకుంటుంటే మీరు గదిలో తిరగండి, వినండి, నోరు మాత్రం విప్పకండి. రెండో ఓటు తర్వాత "ఎవరిది కరెక్ట్?" అనే బదులు "సున్నా అనుకున్నవాళ్ళు ఏం ఆలోచించి ఉంటారు?" అని అడగండి. తప్పు చెప్పినవాడు బయటపడనక్కర్లేదు, తప్పు ఆలోచన మాత్రం బల్ల మీదికి వస్తుంది.

రుజువు కావాలనేవాళ్ళకు: రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సుల్లోని 6,542 మంది భౌతిక శాస్త్రం విద్యార్థుల వివరాలు పోగుచేశారు. కోర్సు మొదట్లో తెలియని దాంట్లో, ఉపన్యాసం క్లాసులవాళ్ళు సగటున 23 శాతం నేర్చుకున్నారు, విద్యార్థుల చేత పని చేయించిన క్లాసులవాళ్ళు 48 శాతం. స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉత్త ఉపన్యాసం క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. ఇవి కాలేజీ లెక్కలు. స్కూలు పిల్లలకు అచ్చంగా ఇదే వర్తిస్తుందని నేను అనను.

నోట్సు దిద్దడం

రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన ప్రయోగం టీచర్లకు మింగుడుపడదు. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ళు. మార్కు పక్కన ఉంటే వ్యాఖ్య ఉన్నా లేనట్టే, పిల్లవాడి చూపు అంకె మీద ఆగి, తర్వాత పక్కవాడి అంకె మీదికి పోతుంది.

రిజిస్టర్‌కు మార్కులు కావాలి, తప్పదు. మీ దగ్గర రాసిపెట్టుకోండి. పిల్లలకు ముందు వ్యాఖ్య ఇవ్వండి, దాని ప్రకారం సరిచేసి తెచ్చాక మార్కు చెప్పండి. వ్యాఖ్య పిల్లవాడికి పని చెప్పాలి. "ఇంకా బాగా చదవాలి" అన్నదాంట్లో పని లేదు, చివాట్లు మాత్రమే ఉన్నాయి. "ఐదింటిలో రెండు తప్పు, ఏవో కనుక్కో" అంటే పని ఉంది. "మూడో మెట్టులో యూనిట్లు చూడు" అన్నా ఉంది. అభిప్రాయం చెప్పడం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకండి: అవ్రహాం క్లూగర్, ఏంజెలో డినీసి 1996లో పాత ప్రయోగాలన్నీ పోగేసి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అది పనితీరును తగ్గించింది. మనిషి గురించి మాట్లాడితే దెబ్బతింటుంది, పని గురించి మాట్లాడితే నిలబడుతుంది. "నువ్వు చాలా తెలివైనవాడివి" అన్నదీ మనిషి గురించే.

ఆసక్తి గురించి రెండు ముక్కలు

కదలకుండా కూర్చున్న క్లాసును చూసి శ్రద్ధగా ఉన్నారనుకుంటాం. జెన్నిఫర్ ఫ్రెడ్రిక్స్, ఇంకో ఇద్దరు 2004లో విద్యార్థి నిమగ్నతను మూడు పాయలుగా విడదీశారు: ప్రవర్తన, మనసులో ఇష్టం, ఆలోచనలో పెట్టే శ్రమ. మొదటిది బయటికి కనిపిస్తుంది కాబట్టి అందరం దాన్నే కొలుస్తాం. ఆటపాటలతో రెండోదీ తెచ్చుకోవచ్చు. మూడోది లేకుండా క్లాసంతా నవ్వుతూ, చేతులెత్తుతూ గడిచిపోయే రోజులు ఉంటాయి. నేను మాత్రం మూడోదాన్ని చూసుకుని మిగతా రెండింటినీ దాని వెనక రానిస్తాను. పక్కవాడితో వాదన పెట్టిన రోజున ఆ రెండూ పిలవకుండానే వస్తాయి.

బహుమతులతో జాగ్రత్త. 1973లో మార్క్ లెప్పర్ బృందం బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలకు ముందే చెప్పి ప్రశంసాపత్రం ఇచ్చింది. తర్వాత ఆ పిల్లలు తీరిక సమయంలో బొమ్మలు గీయడం తగ్గించారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ నష్టం కనిపించలేదు. ఇష్టంగా చేస్తున్న పనికి స్టిక్కర్ ఆశ పెట్టకండి, అంతే.

పక్కన పెట్టేయదగినవి

చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అని పిల్లలను విడదీసే ఫారాలు ఇంకా చాలా శిక్షణల్లో పంచుతున్నారు. అలా విడదీసి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. సర్క్యూట్ బొమ్మ గీసే చూపించాలి, "విని నేర్చుకునే" పిల్లవాడికైనా సరే. "చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది" అనే త్రిభుజం బొమ్మ స్లైడ్ మీద కనిపిస్తే టీ తాగడానికి లేవవచ్చు. ఆ అంకెల వెనక ప్రయోగమే లేదు. రంగు పెన్నులతో గీతలు కొట్టడం, మళ్ళీ మళ్ళీ చదవడం కూడా తక్కువ ఫలితమిచ్చేవేనని జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో పది పద్ధతులను బేరీజు వేసి రాసింది. వాళ్ళు పైన పెట్టినవి రెండే: తమను తాము పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి చదవడం.

మీ క్లాసులో మీరే తేల్చుకోవడం

నేను చెప్పానని నమ్మకండి, పరిశోధకులు చెప్పారని కూడా నమ్మకండి. ఒకే తరగతి రెండు సెక్షన్లకు చెబుతుంటే మీ దగ్గర సగం ప్రయోగశాల ఉన్నట్టే. ఒక చాప్టర్‌కు 'ఎ' సెక్షన్‌లో మూడు ప్రశ్నల పద్ధతి పెట్టండి, బి సెక్షన్‌లో మామూలు రివిజన్ చేయించండి, రెండింటికీ అంతే సమయం ఇవ్వండి. తర్వాతి చాప్టర్‌కు తారుమారు చేయండి. సెక్షన్ల మధ్య ముందే ఉన్న తేడా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ఏ పిల్లలకూ అన్యాయం జరగదు. చాప్టర్ అయిన మూడు వారాలకు, ముందు చెప్పకుండా, రెండు సెక్షన్లకూ ఒకే పదిమార్కుల పేపర్ ఇవ్వండి. చాప్టర్ చివరి రోజు మార్కులు చూసి తీర్పు ఇవ్వకండి. రోడిగర్ ప్రయోగంలో ఐదు నిమిషాల పరీక్ష ఏం చెప్పిందో గుర్తుందిగా.

ఒకసారికి ఒక్క మార్పే. మూడు ప్రశ్నలూ, కలగలిపిన హోంవర్కూ, వేళ్ళ ఓటూ ఒకే నెలలో మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, మీకూ ఊపిరాడదు. కొత్తదనం మోజు మొదటి రెండు వారాలు ఉంటుంది, ఆ రెండు వారాల ఉత్సాహాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూడు వారాల పరీక్షలో తేడా రాకపోతే పద్ధతిని పారేయకముందు మీరు అడిగిన ప్రశ్నలు తీసి చూడండి. అన్నీ నిర్వచనాలే అయితే ముందు ప్రశ్నలు మార్చి, ఇంకో చాప్టర్‌కు మళ్ళీ పెట్టి చూడండి.